పాలు పొంగిన కారవాన్

శివరామకృష్ణగారు ఏ వస్తువునైనా నమ్మే ముందు దాన్ని వెనక్కి తిప్పి చూస్తారు. మనుషుల్ని అలా తిప్పి చూడడం మర్యాద కాదు కాబట్టి వాళ్ళని అసలు నమ్మరు. ఢిల్లీలో ఒక ప్రభుత్వ శాఖకి కుర్చీలూ, బీరువాలూ, దుప్పట్లూ, తాళాలూ కొనే విభాగంలో ఆయన తనిఖీ అధికారిగా పని చేసి రిటైరయ్యారు. ఆయన సంతకం పడనిదే గోదాములోంచి ఒక్క కుర్చీ కదిలేది కాదు. ఆ సంతకం ఓ పట్టాన పడేది కాదు. తమ కుర్చీ వచ్చేలోపు కొందరు గుమాస్తాలు నిలబడే రిటైరైపోయారని ఆఫీసులో చెప్పుకునేవారు. ఆ మాట తన చెవిన పడ్డప్పుడల్లా ఆయన ఖండించకుండా మీసం దువ్వుకునేవారు.

రిటైరయ్యాక ప్రభుత్వం ఊపిరి పీల్చుకుంది. ఛాయాదేవికి ఆ అవకాశం లేకపోయింది, ఎందుకంటే తనిఖీ విభాగం మొత్తం మయూర్ విహార్‌లోని ఆవిడ ఫ్లాటుకి బదిలీ అయింది. కూరలవాడి కాకరకాయల దగ్గర్నుంచి అమ్మాయి ఇషిత తెచ్చిన పుట్టినరోజు కేకు దాకా అన్నీ టార్చిలైటు వెలుగులోంచి నడిచి రావలసిందే.

ఆయన తనిఖీ శాస్త్రం మొత్తానికి మూలసూత్రం ఒక్కటి. కంపెనీ వేసిన ప్లాస్టిక్ ఉంటే వస్తువు కొత్తది, తీసేస్తే పాతది. అందుకని ఆ ఇంట్లో ఏ వస్తువుకీ ప్లాస్టిక్ తీయరు. ఫ్రిజ్ తలుపుకి ప్లాస్టిక్, టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్, కారు సీట్లకి ప్లాస్టిక్. సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉండగా ఛాయాదేవి ముచ్చటపడి, నెమలికంఠం రంగు గుడ్డ ఏరి కోరి చేయించుకున్న సోఫాకి కూడా ప్లాస్టిక్. ఆ సోఫా మీద కూర్చుని ఇషిత పదో తరగతి చదివింది, ఇంజనీరింగ్ చదివింది, పెళ్ళిచూపులకి కూర్చుంది. మే నెలలో ఆ సోఫాలోంచి లేవడమంటే ఒంటికి అంటుకున్న కట్టు పీకినట్టే ఉంటుంది. వచ్చిన చుట్టాలు "కొత్త సోఫానా?" అని అడిగితే శివరామకృష్ణగారి మొహం వెలిగిపోతుంది. ఆ గుడ్డ చేతికి ఎలా తగులుతుందో మాత్రం ఛాయాదేవికి ఈనాటికీ తెలియదు.

ఆవిడ ఢిల్లీలోనే ఒక తెలుగు బడిలో సోషల్ చెప్పేది. ఏటా పిల్లలకి గోడ మీది పటంలో హిమాలయాలు చూపించి, బెత్తంతో ఒక్కో శిఖరాన్నీ తాకుతూ "ఇది నందాదేవి, ఇది త్రిశూల్" అని చెప్పేది. "మేడమ్, ఆప్ గయే హో? వెళ్ళారా?" అని ఎవడో ఒకడు అడిగేవాడు. ఢిల్లీ నుంచి పొద్దున్న బయల్దేరితే రాత్రికి చేరే కౌసానిలో, మంచం దిగకుండా ఆ శిఖరాలన్నీ వరసగా కనిపిస్తాయని ఆవిడకి తెలుసు. తెలియడం వేరు, వెళ్ళడం వేరు. ప్రతి వేసవిలోనూ కౌసాని ప్రయాణం మొదలయ్యేది, ప్రతి వేసవిలోనూ తనిఖీలో ఫెయిలయ్యేది. ఒక ఏడు హోటల్ బాత్రూం ఫోటోలో బకెట్ ఉంది కానీ మగ్గు లేదు. ఇంకో ఏడు టాక్సీ డ్రైవరు ఫోనులో ఆవలించాడు. మరో ఏడు అన్నీ బాగానే ఉన్నాయి, అలా అన్నీ బాగుండడమే ఆయనకి అనుమానం తెప్పించింది.

చివరికి ఒకరోజు, ఎవరి పుణ్యమో గానీ, ఆయనకే ఆ ఆలోచన వచ్చింది.

"ఎవరో పడుకున్న మంచం మీద మనమెందుకు పడుకోవాలి ఛాయా? మన మంచం, మన పొయ్యి, మన బాత్రూం మనతోనే తీసుకెళ్దాం. కారవాన్ కొందాం."

పెళ్ళయిన తర్వాత భర్త నోట్లోంచి ఇంత మంచి మాట రావడం ఛాయాదేవికి అదే మొదటిసారి. ఆవిడ ఆ రోజు బొబ్బట్లు చేసింది.

నోయిడాలో చడ్ఢా అనే ఆయనకి ఒక వర్క్‌షాపు ఉంది. పెద్ద వ్యానులు తెచ్చి, లోపల ఇళ్ళు కట్టి అమ్ముతాడు. నవ్వు మొహం మనిషి. శివరామకృష్ణగారు పరిచయమయ్యాక ఆ నవ్వు కాస్త తగ్గింది. పొగమంచు రోజుల్లో మొదలైన తనిఖీలు మామిడిపళ్ళు వచ్చేదాకా సాగాయి. మొదటి కారవాన్‌లో అలమర తలుపు వేస్తే టక్కుమనకుండా కుయ్యిమందని వద్దన్నారు. రెండోదాంట్లో ఎవరో కూలివాడు సీటు మీద ప్లాస్టిక్ తీసి కూర్చుని భోంచేశాడని వద్దన్నారు. మూడోది కట్టేటప్పుడు ఆయన రోజు విడిచి రోజు వెళ్ళి కాపలా కాశారు. ఏ వస్తువుకీ కంపెనీ ప్లాస్టిక్ తీయకూడదని, తీస్తే ఆ క్షణమే బేరం రద్దని చడ్ఢాకి ముందే గట్టిగా చెప్పారు. పాపం చడ్ఢా ఆ మాట పనివాళ్ళందరి చేతా వల్లె వేయించాడు.

ఆ చడ్ఢాకీ చివరికి ఓపిక చచ్చింది. "సర్ జీ, గురువారం తీస్కో, నహీతో శుక్రవారం గుర్‌గావ్ పార్టీకి దే దూంగా. ఫిర్ ఆప్‌కే లియే నహీ బనావూంగా," అని, తెలుగువాళ్ళకి అమ్మీ అమ్మీ పట్టుబడ్డ భాషలో, ఆయన కోసం ఇంకోటి కట్టేది లేదని తేల్చి చెప్పేశాడు.

ఆ మాటతో ఛాయాదేవికి నిద్ర పట్టలేదు. ఆవిడ మోకాళ్ళు చూసిన డాక్టరు, ఎక్కడికైనా తిరగాలనుంటే ఇప్పుడే తిరగమని, తర్వాత మెట్లు కూడా కష్టమవుతాయని చెప్పి ఎన్నాళ్ళో కాలేదు. ఈ కారవాన్ చేయి జారితే ఇంక కౌసాని లేదు. ఆయన మళ్ళీ ఇంకో వర్క్‌షాపు వెతికి, మళ్ళీ ఇంకో చడ్ఢా ఓపిక చచ్చేలోపు తన మోకాళ్ళు పటం దగ్గర నిలబడడానికి కూడా పనికిరావు. గురువారం ఆయనకి ఏ తప్పూ దొరక్కూడదు. దొరికినా వెనక్కి వెళ్ళే దారి ఉండకూడదు.

అందుకని ఆవిడ ఒక పన్నాగం పన్నింది.

కింది అంతస్తులో సుందరరామయ్యగారని ఉన్నారు. బ్యాంకులో చేసి రిటైరై, ఇప్పుడు చుట్టుపక్కల తెలుగువాళ్ళకి ముహూర్తాలు పెడుతుంటారు. చదివిన మంత్రాలు కొన్నే అయినా గొంతు పెద్దది కావడంతో పేరొచ్చింది. బుధవారం ఛాయాదేవి ఆయన దగ్గరికి ఒక సందేహంతో వెళ్ళింది.

"అన్నయ్యగారూ, కారవాన్ అంటే బండా, ఇల్లా?"

సుందరరామయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత గొప్ప ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"చక్రాలున్నాయి కాబట్టి వాహనమే తల్లీ. నిమ్మకాయలు తొక్కించాలి, కొబ్బరికాయ కొట్టాలి. కానీ పొయ్యి ఉందన్నావుగా? పొయ్యీ, మంచమూ ఉన్నాయంటే గృహం కూడానూ. పాలు పొంగించాల్సిందే."

"పాలు పొంగించిన ఇల్లు వదిలేసి వెళ్ళిపోతే?"

"అమ్మో! అలా ఎవరైనా చేస్తారా? అరిష్టం!"

"అయితే అన్నయ్యగారూ, ఆ పాల ముహూర్తం సంతకాలకంటే ముందు వచ్చేట్టు చూడండి. మీకు తెలియనిదేముంది. ఆయన సంగతి మీరూ చూస్తున్నారుగా."

సుందరరామయ్యగారు ఒకసారి ఆవిడ మొహం చూసి, పంచాంగం తెరిచి, ఆవిడకి కావలసిన చోటే గ్రహాలన్నిటినీ కూర్చోబెట్టేశారు.

గురువారం పొద్దున్నే సుందరరామయ్యగారితో కలిసి ముగ్గురూ ప్లాస్టిక్ సీట్ల కారులో నోయిడా బయల్దేరారు. దారిలో గుర్‌గావ్ నుంచి ఇషిత వీడియో కాల్ చేసింది. ఇషితకి తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, జవాబు మాత్రం తెలుగులో రాదు.

"పాపా, ప్లీజ్ యార్, ఆజ్ లే లేనా. మమ్మా కో లేకే జావో కహీ," అని, ఇవాళైనా బండి తీసుకుని అమ్మని ఎక్కడికైనా తిప్పమంది తండ్రిని.

"చూద్దాం తల్లీ. బండి బాగుంటే తీసుకుంటాం," అన్నారు శివరామకృష్ణగారు, బాగుండదన్న నమ్మకంతో.

కారవాన్ ఎండలో తెల్లగా నిలబడి ఉంది. ఛాయాదేవికి దాన్ని చూడగానే గుండె ఝల్లుమంది. పైకి మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ ముచ్చటపడ్డట్టు కనిపిస్తే ఆయన ఇంకా గట్టిగా చూస్తారు.

శివరామకృష్ణగారు చొక్కా చేతులు మడిచి, సంచీలోంచి సరంజామా తీశారు. టార్చి, రసమట్టం, టేపు, అయస్కాంతం, భూతద్దం. ఎవరికైనా ఆపరేషన్ చేయబోతున్నారేమోనని వర్క్‌షాపు కుక్క లేచి దూరంగా వెళ్ళి పడుకుంది. అయస్కాంతం పెట్టి రేకు రేకూ తడిమారు, రంగు కింద లప్పం ఉందేమోనని. లేదు. పైనుంచి గొట్టంతో నీళ్ళు కొట్టించి, లోపల వేలితో మూలమూలా తడిమారు. పొడిగానే ఉంది. నేల మీద రసమట్టం పెట్టారు. బుడగ సరిగ్గా మధ్యలో నిలబడింది. చెప్పులు విప్పి, ప్లాస్టిక్ ఉన్న పరుపు మీద పడుకుని అటూ ఇటూ దొర్లారు. చరచరా మోగింది కానీ మంచం కిర్రుమనలేదు. బాత్రూంలో కూర్చున్నారు, లేచారు. అద్దంలో మీసం చూసుకున్నారు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

ఒక్కొక్కటీ పాసవుతున్న కొద్దీ ఆయన మొహం వాడిపోయింది. పరీక్షలో పిల్లాడు ఫెయిలైతే దిగులుపడే మాస్టార్లని చూశాం, అందరూ పాసైతే కుమిలిపోయే మాస్టారు ఈయనొక్కరే. ఛాయాదేవి మాత్రం ఒక మూల నిలబడి, పెదవులు కదలకుండా తెలిసిన స్తోత్రాలన్నీ చదువుకుంది.

చివరికి పొయ్యి దగ్గరికొచ్చారు. పొయ్యి కింద, నేలకి జానెడు ఎత్తులో, గోడకి గ్యాస్ అలారం ఉంది. అది అక్కడ ఉండడం కూడా ఆయన ఘనతే. చడ్ఢా దాన్ని పైన పెట్టిస్తే, వంటగ్యాస్ గాలికంటే బరువని, కిందికి దిగుతుందని చెప్పి దింపించారు. ఆ విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. అందుకే ఇప్పుడు ఆ పెట్టె ముందు చతికిలబడి, ఒకింత గర్వంగా, బటన్ నొక్కారు.

"కీ..." అంది అలారం.

"అలారం ఓకే," అన్నారాయన నిట్టూరుస్తూ.

సుందరరామయ్యగారు వాచీ చూసుకుని గొంతు సవరించుకున్నారు. "శివరామకృష్ణగారూ, పాల ముహూర్తం దగ్గర పడింది. మళ్ళీ వర్జ్యం వచ్చేస్తుంది."

"ఇంకా కాయితాలు చూడలేదండీ. సంతకం కాందే పాలేమిటి?"

"కాయితాలు ఎక్కడికి పోతాయండీ? ముహూర్తం పోతుంది."

గ్రహాలని తిప్పి చూడ్డానికి టార్చి పనికిరాదు కాబట్టి ఆయన సరేనన్నారు. "నువ్వు కానియ్ ఛాయా. నేను ఈలోపు ఆ ఇంజన్ నంబరు సరిచూసుకుంటాను," అని చడ్ఢాని వెంటబెట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళారు. సుందరరామయ్యగారు తలుపు దగ్గర నిలబడి పెద్ద గొంతుతో నాలుగు మంత్రాలు చదివి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దడానికి వెళ్ళిపోయారు.

ఛాయాదేవి ఒక్కతే మిగిలింది. వేడిగాలికి మంట ఆరిపోతుందేమోనని కిటికీలన్నీ మూసింది. ఇంటి నుంచి తెచ్చిన కొత్త గిన్నెకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. నీలం మంట వచ్చింది. ఆ చిన్న వంటింట్లో, ఆ చిన్న కిటికీ ముందు నిలబడగానే, ఆవిడకి కిటికీ అవతల నోయిడా వర్క్‌షాపు రేకుల షెడ్డు కనిపించడం మానేసింది. పొద్దున్నే టీ పెట్టుకుంటూ తలెత్తితే ఎదురుగా త్రిశూల్. సరిగ్గా ఇలాగే ఉంటుంది.

పాలు అంచుకి వచ్చాయి. పాలు పొంగేటప్పుడు ఇద్దరూ చూడాలి, అదే శుభం. ఆవిడ గబగబా తలుపు తీసి మెట్టు మీదికి దిగి, గాలి లోపలికి పోకుండా తలుపు వెనక్కి లాగిపట్టుకుని కేకేసింది.

"ఏమండీ! పొంగుతున్నాయి, రండి!"

"ఉండవే! ఇంజన్ నంబర్లో ఇది మూడో ఎనిమిదో తెలియట్లేదు!"

"మూడైతే ఏం, ఎనిమిదైతే ఏం, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి!"

"ఎనిమిదైతే అది వేరే బండి, తెలుసా?"

వేరే బండి అయినా అది పాలు పొంగించిన బండే కదా అనుకుంది ఛాయాదేవి. ఇంకో రెండుసార్లు పిలిచింది. ఆయన భూతద్దం కోసం వెతుక్కుంటున్నారు. చివరికి విసిగిపోయి ఆవిడే లోపలికి తిరిగింది.

పాలు పొంగి పొయ్యి మీదికి కారాయి. ఉత్తరం వైపు. కౌసాని వైపు. ఆవిడ సంతోషంగా చేతులెత్తి దణ్ణం పెట్టబోయి ఆగిపోయింది. మంట లేదు. పాలు పడి ఆరిపోయింది. బర్నర్‌లోంచి సన్నగా సుయ్యిమని చప్పుడు వస్తోంది. ముక్కు పుటాలకి ఘాటుగా గ్యాస్ వాసన.

ఛాయాదేవి ఒక్క అంగలో వెళ్ళి పొయ్యి కట్టేసింది, కింద సిలిండరు కట్టేసింది, కిటికీలు తెరిచింది.  వాసన నేలకి దగ్గరగా బాగా దట్టంగా ఉంది. ఇంత గ్యాస్ నిండితే, గోడకున్న ఆ పెట్టె కిక్కురుమనలేదేం? ఇందాక బటన్ నొక్కితే అంత చక్కగా కూసిన పెట్టె, ఇప్పుడు ఆకుపచ్చ దీపం వెలిగించుకుని హాయిగా చూస్తోంది.

మోకాళ్ళు మొరాయిస్తున్నా ఆవిడ వంగింది. పెట్టె చుట్టూ, గ్యాస్ లోపలికి వెళ్ళాల్సిన చిన్న చిన్న రంధ్రాల మీదుగా, పలచటి ప్లాస్టిక్ బిగుతుగా అతుక్కుని ఉంది. కంపెనీ ప్లాస్టిక్. ఎవరూ తీయకూడదని ఆజ్ఞ అయిన ప్లాస్టిక్. ప్లాస్టిక్ మీది నుంచే బటన్ నొక్కితే నొక్కుడు పడుతుంది, లోపలికి గాలి మాత్రం పోదు.

ఆవిడ అలాగే కింద కూర్చుండిపోయింది. తప్పు దొరికింది. ఇన్ని తనిఖీల్లో ఆయనకి దొరకనిది, తప్పు దొరక్కూడదని పన్నాగం పన్నిన తనకే దొరికింది. దేవుడికి కూడా ఎగతాళి చేయడానికి ఇంకెవరూ దొరకనట్టున్నారు.

చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. ఆయన మొహం వెలిగిపోతుంది, తను చూడని పాలు లెక్కలోకి రావంటారు, బేరం రద్దవుతుంది, రేపు గుర్‌గావ్ పార్టీ ఈ కిటికీలోంచి త్రిశూల్ చూస్తారు. చెప్పకపోతే? పొయ్యి తుడిచేసి, నవ్వు మొహంతో బయటికి వెళితే సంతకం పడుతుంది. కానీ ఏదో ఒక రాత్రి కొండల మధ్య, చలికి తలుపులన్నీ బిగించుకుని పడుకుంటారు. ఆయన ముక్కు ఢిల్లీ పొగకి ఎప్పుడో మూసుకుపోయింది. తనకి నిద్రమాత్ర లేనిదే నిద్ర పట్టదు. పక్క మంచం మీద ఇషిత ఉన్నా ఉంటుంది. 

ఎవరూ చూడకుండా ఆ ఒక్క ప్లాస్టిక్కూ తీసేస్తే సరిపోదా అనిపించింది. అలారం బాగుపడుతుంది, బండి దక్కుతుంది, ఆయనకి తెలియదు. ఛాయాదేవి గోటితో అంచు లేపి చరుక్కున లాగింది.

ఇంతసేపూ నోరు మూసుకుని ఉన్న అలారం ఒక్క క్షణం ఆలోచించి, ఇక వర్క్‌షాపు ఎగిరిపోయేట్టు గొల్లుమంది.

వర్క్‌షాపు కుక్క గేటు దాటి పారిపోయింది. సుందరరామయ్యగారు నిమ్మకాయ పట్టుకునే పరుగెత్తారు, ఇటు కాదు, వీధి వైపు. చడ్ఢా లోపలికి దూకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయబోయాడు.

"స్విచ్ మత్ ఛూనా!" అని, స్విచ్చి ముట్టుకుంటే నిప్పురవ్వ లేస్తుందని అరిచింది ఛాయాదేవి. ఇన్నేళ్ళు బడిలో నలభై మంది పిల్లల్ని ఆపిన గొంతు అది. చడ్ఢా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

శివరామకృష్ణగారు భూతద్దంతో సహా పరుగెత్తుకొచ్చారు. "ఏమైంది? ఏమైంది?"

"పాలు పొంగి మంట ఆరింది. గ్యాస్ వచ్చింది. కట్టేశాను. భయం లేదు."

ఆ మాట వినగానే ఆయన మొహంలో ఒక కాంతి వచ్చింది. పెళ్ళినాడు తెర దించినప్పుడు కూడా ఛాయాదేవి ఆ మొహంలో అంత కాంతి చూడలేదు.

"చెప్పానా! నాకు తెలుసు! ఎక్కడో ఏదో ఉండే ఉంటుందని పొద్దుట్నుంచి నా మనసు చెబుతూనే ఉంది! చడ్ఢాజీ, క్యాన్సిల్! గ్యాస్ లీకేజీ బండి మాకు అంటగడతారా?"

అలారం ఊపిరి తీసుకోవడానికన్నట్టు ఆగింది. ఛాయాదేవి బోనులో నిలబడి సాక్ష్యం చెప్పినట్టు నెమ్మదిగా అంది.

"పొయ్యి తప్పేం లేదండీ. ఏ పొయ్యి అయినా పాలు పడితే ఆరుతుంది. అలారం తప్పూ లేదు. దానికి ఊపిరాడకుండా ప్లాస్టిక్ ఉంది. తీశాను, మోగింది."

"ప్లాస్టిక్ తీయకుండా అలారం బిగించారా? చూశావా వీళ్ళ పనితనం!"

చడ్ఢా ఇంకా గాల్లోనే ఉన్న చెయ్యి దించుకున్నాడు. "సర్ జీ," అన్నాడు చాలా మర్యాదగా, "ప్లాస్టిక్ తో ఆప్‌నే హీ ఉతార్నే నహీ దియా."

ఆ ప్లాస్టిక్ తీయనివ్వనిది ఆయనే. శివరామకృష్ణగారు భూతద్దం జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు.

"బటన్ నొక్కితే మోగింది కదా," అన్నారు, గొంతు తగ్గించి.

"నిద్రలో బటన్ ఎవరు నొక్కుతారండీ?"

 ఆయన ఉద్యోగంలో జవాబులు ఎప్పుడూ అవతలివాళ్ళే చెప్పుకునేవారు. ఇటువైపు నిలబడడం ఆయనకి ఇదే మొదటిసారి, ఎక్కడ నిలబడాలో కూడా తెలియనట్టు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారారు. అయినా అలవాటు చావదు కదా. "సరే, ఏదైనా కానీ, ఒకసారి ఇలా జరిగిందంటే మళ్ళీ మొదట్నుంచీ చూసుకోవాలి. వచ్చే నెల..." అని మొదలుపెట్టారు.

ఛాయాదేవికి ఎక్కడ లేని కోపమూ వచ్చింది. వచ్చే నెల అన్న మాట ఆవిడ ఎన్ని నెలలు విందో!

"వచ్చే నెల ఏముందండీ? వచ్చే నెల ఈ బండి లేదు. ఆపైన నా మోకాళ్ళు లేవు. మనింట్లో అన్నీ కొత్తవే. సోఫా కొత్తది, ఫ్రిజ్ కొత్తది, రిమోట్ కొత్తది. పాతబడిపోయింది మనిద్దరమే. మనకి మాత్రం ఎవరూ ప్లాస్టిక్ వేయలేదు!"

అంటూనే ఆవిడ సీటు మీది ప్లాస్టిక్ అంచు పట్టుకుని లాగింది. బర్రుమని చిరిగింది. ప్లాస్టిక్ ఊడిన బండి వెనక్కి తీసుకునేది లేదని చడ్ఢా హెచ్చరించాడు.

"మేడమ్ జీ, ప్లాస్టిక్ ఉతర్ గయా తో గాడీ వాపస్ నహీ హోగీ."

"బహుత్ అచ్ఛా," అంది ఛాయాదేవి, ఇంకో సీటు మీదికి వంగుతూ.

ఆవిడ పరుపు మీది ప్లాస్టిక్ తీసింది. అలమర తలుపులది తీసింది. బాత్రూం కుళాయికి చుట్టినది తీసింది. తీస్తున్నంతసేపూ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. శివరామకృష్ణగారు మొదట "అయ్యయ్యో" అన్నారు. తర్వాత "జాగ్రత్త, గుడ్డ లేచిపోతుంది" అన్నారు. ఆ తర్వాత కింద పడ్డ ప్లాస్టిక్ ముక్కల్ని ఒక్కొక్కటీ తీసి, దేనికైనా పనికొస్తుందని, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంటూ ఆవిడ వెనకే నడిచారు.

వంటింట్లోకి వచ్చేసరికి ఆయన ఆగిపోయారు. నేల మీద ఇందాకటి ప్లాస్టిక్ ముక్క పడి ఉంది, అలారం పెట్టె ఆకారంలోనే. దాన్ని తీసి చాలాసేపు చూశారు. అది మాత్రం మడత పెట్టలేదు.

"నువ్వు లోపలే ఉన్నావా అప్పుడు?" అని అడిగారు.

"మెట్టు మీద ఉన్నాను. మిమ్మల్ని పిలుస్తున్నాను."

"నేను రాలేదు," అన్నారాయన.

వాసన పూర్తిగా పోయి అలారం నోరు మూసుకున్నాక ఛాయాదేవి పొయ్యి తుడిచి, గిన్నె కడిగి, మిగిలిన పాలు పోసి మళ్ళీ పొయ్యి వెలిగించింది. వీధి చివరి నుంచి సుందరరామయ్యగారు మెల్లగా వెనక్కి వచ్చి, తాను నిమ్మకాయ దొర్లిపోతే దాని వెనక వెళ్ళానని అందరికీ వివరించారు. ఎవరూ అడగలేదు.

ఈసారి పాలు అంచుకి వచ్చినప్పుడు పొయ్యి దగ్గర ఇద్దరూ ఉన్నారు. పాలు పొంగాయి, మళ్ళీ ఉత్తరం వైపే. ఛాయాదేవి మంట ఆరేలోపు పొయ్యి కట్టేసింది. శివరామకృష్ణగారు చేతులు జోడించారు, తర్వాత చడ్ఢా అందించిన కాయితాల మీద ఎక్కడెక్కడ చూపిస్తే అక్కడక్కడ సంతకం పెట్టారు. చదవలేదు. ఆ దృశ్యం చూడడానికి ఆయన పాత ఆఫీసువాళ్ళు ఒక్కరూ అక్కడ లేకపోయారు.

"కబ్ నికలేంగే సర్ జీ?" అన్నాడు చడ్ఢా, తాళం చేతికిస్తూ. అతని పాత నవ్వు తిరిగి వచ్చింది.

శివరామకృష్ణగారు రోడ్ల పరిస్థితి, వర్షాల సూచన, టైర్లలో గాలి గురించి చెప్పడానికి నోరు తెరిచి, భార్య వైపు చూశారు.

"ఎప్పుడు ఛాయా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన అడగడం, ఆవిడ వినడం ఇదే మొదలు.  "శనివారం," అంది ఆవిడ. "పొద్దున్నే. ఇషితకి చెబుతాను."

ఆయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. చరచరమని చప్పుడు రాకపోయేసరికి ఉలిక్కిపడి ఒకసారి లేచి, మళ్ళీ కూర్చున్నారు. చేత్తో సీటు గుడ్డని రాసి చూశారు, ఒకసారి, రెండుసార్లు.

"మెత్తగా ఉందే," అన్నారు ఆశ్చర్యంగా.

ఎదురుగా స్పీడు చూపించే అద్దం మీద చిన్న ప్లాస్టిక్ పొర ఇంకా ఉంది. ఛాయాదేవి చెయ్యి అంతవరకూ వెళ్ళలేదు. శివరామకృష్ణగారు దాని వంక కాసేపు చూశారు. అంచుని గోటితో గీకారు, దొరకలేదు, మళ్ళీ గీకారు. దొరికాక మెల్లగా, చివరిదాకా ఊడదీశారు. అలవాటు కొద్దీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టబోయి, ఆగి, పక్క సీట్లో ఉన్న భార్య చేతిలో పెట్టారు. ఛాయాదేవి దాన్ని ఉండ చుట్టి కిటికీలోంచి చడ్ఢా చెత్తబుట్టలో వేసింది.